ఆపరేషన్ తేదీ



ఆపరేషన్‌కు తేదీ వేయించుకుని, ఆ తేదీకి ఆసుపత్రికి పోయి, ఆపరేషన్ కాకుండానే ఇంటికి తిరిగొచ్చే మనుషుల గురించి ఈ పూట మాట్లాడాలని వచ్చాను. పల్నాడులోని మా దాచేపల్లిలో ఇలాంటివాళ్లు లేని వీధి ఉండదు. హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, గర్భసంచి జారడం, అరిగిపోయిన మోకాళ్లు, మొలలు... ఇవి రాత్రికి రాత్రి ప్రాణం తీసే జబ్బులు కావు. రోడ్డు మీద లారీ గుద్దితే 108 వస్తుంది, అర్ధరాత్రయినా డాక్టరు లేచి ఆపరేషన్ చేస్తాడు. ప్రాణం తీయకపోయినా పని చేసుకోనివ్వని, పడుకోనివ్వని, నలుగురిలో కూర్చోనివ్వని జబ్బు వచ్చిన మనిషికి మాత్రం 'తర్వాత రండి' అనే మాట వినపడుతుంది. ఆ మాట ఇంకెన్నిసార్లు వినాలో ఎవరూ చెప్పరు.

మా ఊరు నాగులేటి ఒడ్డున, అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి మీద ఉంది. ఈ చుట్టుపక్కలంతా సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, మిరప, పత్తి చేలు. బస్తాలు మోసే పనులు, రోజంతా నడుం వంచి చేసే పనులు. ఊళ్లో ప్రభుత్వాసుపత్రి ఉంది, జ్వరానికీ కాన్పుకూ అదే దిక్కు. కోత పెట్టాల్సిన జబ్బయితే గురజాల, నరసరావుపేట, అక్కడా కాదంటే గుంటూరు పెద్దాసుపత్రి. గుంటూరు ఇక్కడికి దగ్గర దగ్గర తొంభై కిలోమీటర్లు. 1946లో మొదలైన మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆ ఆసుపత్రికి మా పల్నాడు ఒక్కటే కాదు, బాపట్ల, ప్రకాశం జిల్లాల జనం కూడా వస్తారు. రద్దీ ఎంత ఉంటుందో పొద్దున్నే ఓపీ చీటీల దగ్గర నిలబడినవాళ్లకు తెలుసు.

కూలి పని మీద బతికే ఇంట్లోకి ఒక ఆపరేషన్ తేదీ వస్తే ఏమేం కదులుతాయో ముందు చెప్పాలి. ఆసుపత్రి వైపు నుంచి అది రిజిస్టరులో ఒక గీత. ఇంటి వైపు నుంచి చూస్తే అలా కాదు. రోగితో పాటు ఇంకొకరు పోవాలి, అంటే ఇద్దరి కూలి పోతుంది. పాలిచ్చే గేదె ఉంటే పక్కింటివాళ్లకు అప్పజెప్పాలి. బడికి పోయే పిల్లలను అమ్మమ్మ ఊరికి పంపాలి. ఆపరేషన్ ఉచితమే అయినా చేతిలో డబ్బు లేకుండా గుంటూరు పోలేరు, బయట రాసే మందులకూ తోడొచ్చినవాళ్ల తిండికీ నూటికి రెండు రూపాయల వడ్డీకో మూడు రూపాయల వడ్డీకో తెస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం అయింది, అది నిజంగా మేలు చేసింది. తోడొచ్చే మగమనిషికి టికెట్టు ఉంటుంది, బస్టాండు నుంచి ఆటో ఉంటుంది. రక్తం అవసరం పడొచ్చు, ఇచ్చేవాళ్లను వెంటబెట్టుకు రండి అంటే మేనల్లుడినో తోడల్లుడినో బతిమాలుకోవాలి, వాళ్ల కూలి కూడా పోతుంది. ఇదంతా ఒక్క తేదీ చుట్టూ అమర్చుకుంటారు. మిరప కోతల రోజుల్లో ఇలా అమర్చుకోవడం ఎంత కష్టమో చేలో దిగినవాళ్లను అడగండి.

ఇక ఆసుపత్రిలో ముందు రోజు రాత్రి నుంచి నీళ్లు కూడా తాగొద్దంటారు. మత్తు ఇచ్చినప్పుడు వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోకూడదని అలా చెబుతారు, కడుపు ఖాళీగా ఉండాలన్నది సరైన జాగ్రత్తే. ఆ ఖాళీ కడుపుతో మనిషి ఆకుపచ్చ గౌను వేసుకుని వరండాలో కూర్చుంటాడు. మధ్యాహ్నం దాటుతుంది. లోపలి నుంచి ఒక నర్సమ్మ వచ్చి, "ఇవాళ మీది కాదయ్యా, తినేయండి" అంటుంది. ఎందుకు కాదో ఆ నర్సమ్మకు కూడా తెలియకపోవచ్చు.

మా వీధిలో నాకు బాబాయి వరసయ్యే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. జీవితమంతా సున్నం బట్టీల దగ్గర బస్తాలు మోశాడు. హెర్నియా దిగింది, ఆపరేషన్ చేయాలన్నారు. ఏ ఆసుపత్రో ఇక్కడ అనవసరం. ఒకసారి పోతే షుగరు ఎక్కువ ఉంది, తగ్గించుకుని రమ్మన్నారు. సబబే. తగ్గించుకుని పోతే ఆ రోజు అత్యవసర కేసులు వరసగా వచ్చాయి, టేబుల్ దొరకలేదు. అదీ సబబే. ఆ తర్వాత పోయినప్పుడు తెల్లకార్డులో పేరుకూ ఆధార్‌లో పేరుకూ ఒక అక్షరం తేడా ఉందని ఆపారు. ఆ అక్షరం మొదటి రోజు నుంచీ అలాగే ఉంది. మొదటి రోజే చెప్పి ఉంటే సరిచేయించుకునేవాడు. చివరకు ఆయన నాతో అన్నది ఇదీ: "వాళ్లు చెయ్యనన్నా బాగుండు రా. చేస్తామని పిలిచి పంపుతుంటే ఏందిది? ఇంటికాడ మొహం ఎట్టా చూపిచ్చేది?" అప్పు తెచ్చిచ్చిన కొడుకు ముందు, గేదెను చూసుకున్న పక్కింటావిడ ముందు ఆయన అబద్ధాలకోరుగా నిలబడాల్సి వచ్చింది. నొప్పి కంటే ఇది ఆయన్ను ఎక్కువ కుంగదీసింది. నడుముకు బెల్టు కట్టుకుని తిరుగుతున్నాడు, ఇప్పుడు ఆసుపత్రి మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు.

డాక్టర్లను తిట్టడానికి నేను ఈ మైకు ముందుకు రాలేదు. ఆపరేషన్ థియేటరు ఎలా నడుస్తుందో తెలుసుకుంటే వాయిదాల్లో చాలావాటికి కారణం అర్థమవుతుంది. పెద్దాసుపత్రుల్లో సర్జరీ విభాగం యూనిట్లుగా ఉంటుంది. ఒక్కో యూనిట్‌కు వారంలో కొన్ని రోజులు ఓపీ, కొన్ని రోజులు ఆపరేషన్లు. మీ డాక్టరుగారి ఆపరేషన్ రోజు ఇవాళ తప్పిపోయిందంటే రేపు చేస్తామనడానికి లేదు, రేపు టేబుల్ ఇంకో యూనిట్‌ది. అందుకే ఒక్కరోజు తప్పితే వారం జరిగిపోతుంది. సర్జను ఒక్కడు ఉంటే సరిపోదు, మత్తు డాక్టరు ఉండాలి, ఆయన రోగిని చూసి ఫిట్‌నెస్ ఇవ్వాలి. బీపీ ఎక్కువున్నా, రక్తం తక్కువున్నా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మా పల్లెల్లో ఆడవాళ్లకు రక్తహీనత ఎంత మామూలో చెప్పక్కర్లేదు, గర్భసంచి ఆపరేషన్లు అక్కడే ఆగుతుంటాయి. పొద్దున ఎనిమిదికి జాబితాలో ఆరుగురు ఉంటారు, తొమ్మిదికి పేగు పగిలిన మనిషిని స్ట్రెచర్ మీద తెస్తారు, ఆరో మనిషి ఇంటికి పోవాల్సిందే. ఆ స్ట్రెచర్ మీది మనిషి మన ఇంటివాడే కావచ్చు. ఈ వాయిదాను ఎవరూ కాదనరు.

కాదనాల్సిన వాయిదాలు వేరే ఉన్నాయి. పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మూడు వెనుకబడిన జిల్లాల్లో మొదలైంది. ఆ తర్వాత రాష్ట్రమంతా వచ్చింది, పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, మళ్లీ ఆరోగ్యశ్రీ అయింది, ఇప్పుడు మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. ఏ పేరుతో ఉన్నా, తెల్లకార్డు చేతిలో ఉన్న మనిషి కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం ఎక్కగలిగింది దీనివల్లే, ఆ ఘనత చిన్నది కాదు. కానీ బిల్లులు రాక ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులు రెండు ప్రభుత్వాల హయాంలోనూ ఉన్నాయి. 2024 మే 22న ఆపారు, బకాయి పదిహేను వందల కోట్లన్నారు. 2025 అక్టోబరు 10న మళ్లీ ఆపారు, ఈసారి రెండువేల ఏడు వందల కోట్లన్నారు. అక్టోబరులో దాదాపు మూడు వారాలు నడిచింది ఆ వ్యవహారం. ఆసుపత్రుల సంఘం వాదన సంఘానిది, సర్కారు లెక్క సర్కారుది. ఆ మూడు వారాల్లో తేదీ పడిన రోగి ఎవరి జాబితాలోకి వెళ్లాడు? సమ్మె విరమించాక ముందు వాళ్లనే పిలవాలని ఎవరైనా అన్నారా? చర్చల వార్తల్లో కోట్ల లెక్క ఉంది గానీ ఆగిపోయిన ఆపరేషన్ల లెక్క నాకు కనపడలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ ఏడాదే సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త ఆరోగ్య బీమా విధానాన్ని ఆమోదించింది. చికిత్సకు అనుమతి ఆరు గంటల్లో రావాలన్న నిబంధన అందులో చెప్పారు. మంచిదే. కాగితానికి గడువు పెట్టగలిగినప్పుడు, కాగితం వచ్చాక కోతకు కూడా గడువు పెట్టవచ్చు కదా? వాయిదా పడితే తిరిగి ఎన్నాళ్లలోపు చేయాలో పెట్టవచ్చు కదా?

పెట్టిన దేశాలు ఉన్నాయి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యం మొత్తం ఎన్‌హెచ్‌ఎస్ చేతిలో ఉంటుంది. డాక్టరు సిఫారసు చేసిన నాటి నుంచి 18 వారాల్లో నూటికి 92 మందికి చికిత్స మొదలవ్వాలని వాళ్ల నియమం. దాన్ని 2016 తొలి నెలల తర్వాత వాళ్లూ నిలబెట్టుకోలేకపోయారు. 2023 సెప్టెంబరులో వరసలో ఉన్న చికిత్సల సంఖ్య 77 లక్షలు దాటింది. కాబట్టి అక్కడంతా బాగుంది, ఇక్కడే బాగాలేదు అని నేను అనను. అక్కడ నాకు నచ్చింది ఇంకొక నియమం. రోగి ఆరోగ్యంతో సంబంధం లేని కారణాలతో ఆపరేషన్‌ను ఆసుపత్రి ఆ రోజున రద్దు చేస్తే, 28 రోజుల్లోపు కచ్చితమైన మరో తేదీ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే రోగి కోరుకున్న చోట, ఆసుపత్రి ఖర్చుతోనే చేయించాలి. రద్దు చేయడం తప్పనిసరైనా, రద్దు తర్వాత రోగిని గాలికి వదలడం తప్పనిసరి కాదని ఆ నియమం ఒప్పుకుంటుంది.

మన దగ్గర సుప్రీంకోర్టు ఈ దారిలో ఒక అడుగు ఎప్పుడో వేసింది. 1992 జులైలో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే కూలీ రైలు నుంచి పడ్డాడు. తలకు దెబ్బ. కలకత్తాలో ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడక లేదనో సౌకర్యం లేదనో తిప్పి పంపాయి, ఆఖరుకు ప్రైవేటులో చేయించుకున్నాడు. 1996 మేలో తీర్పు వచ్చింది. సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాదనడమేనని, డబ్బు లేదన్నది ప్రభుత్వానికి సాకు కాదని కోర్టు చెప్పింది. ఆయనకు పాతికవేలు పరిహారం ఇప్పించింది. ఆ తీర్పు అత్యవసర వైద్యం గురించి. అత్యవసరం కాని ఆపరేషన్ల దగ్గరికి వచ్చేసరికి, ఆ సకాలం ఎంతకాలమో రాసిపెట్టినవాళ్లు నాకు తెలిసినంతలో మన రాష్ట్రంలో లేరు. హెర్నియాను ఏళ్ల తరబడి వదిలేస్తే ఏదో ఒక రోజు పేగు అందులో బిగుసుకుని అత్యవసరమే అవుతుంది. అప్పుడు ప్రమాదమూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే.

ఇప్పుడు రోగుల వైపు కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే సగమే చెప్పినట్టు. తేదీ వేయించుకుని రానివాళ్లు మనలో తక్కువేమీ కాదు. పత్తి తీతలు వచ్చాయని ఆగినవాళ్లు, తోడు రావాల్సిన మనిషి ఆఖరి నిమిషంలో రానందుకు ఆగినవాళ్లు, మంచిరోజు కాదని, అమావాస్య అని ఆగినవాళ్లు, భయంతో ఆగినవాళ్లు. రాసిచ్చిన ఫోన్ నంబరు హైదరాబాదులో పని చేసుకునే కొడుకుది అయి ఉంటుంది, ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినా ఊళ్లో తల్లికి తెలియదు. సర్జను చేతులు కడుక్కుని నిలబడితే రోగి ఉండడు. ఆ గంట ఇంకొకరికి దక్కదు, ఎందుకంటే ఆ ఇంకొకరు పొద్దున్నే తినేసి ఉంటారు. నాకు తెలిసిన ఒక డాక్టరుగారు ఈ సంగతి చెబుతూ నిజంగా బాధపడ్డారు. "రానని ముందు రోజు ఒక్క ఫోన్ చేస్తే వరండాలో ఉన్నవాడికి చేసేవాణ్ణి కదండీ" అన్నారు. ఫోన్ చేయాలంటే ఎవరికి చేయాలి? మన చేతికిచ్చే ఓపీ చీటీ మీద ఆ నంబరు ఉండదు.

చిక్కు ముడి ఇక్కడే ఉంది. ఆసుపత్రికి రోగి జాడ తెలియదు, రోగికి ఆసుపత్రి సంగతి తెలియదు. డాక్టర్లను పెంచాలి, మత్తు డాక్టర్లను పెంచాలి, థియేటర్లు పెంచాలి, అవన్నీ నిజమే. 2015లో లాన్సెట్ పత్రిక తరఫున ప్రపంచ స్థాయి కమిషన్ ఒకటి లెక్క తీసి, భూమ్మీద ఐదు వందల కోట్ల మందికి సురక్షితమైన శస్త్రచికిత్స అందుబాటులో లేదని చెప్పింది. అంత పెద్ద లోటు రేపే తీరదు. పిడుగురాళ్లలో మెడికల్ కాలేజీకి 2021 మే 31న శంకుస్థాపన చేశారు, ఆ బోధనాసుపత్రి పూర్తి స్థాయిలో నడిస్తే మాకు గుంటూరు దారి సగానికి పైగా తగ్గుతుంది. గురజాలలో సర్జనూ మత్తు డాక్టరూ ఒకే కాలంలో ఉండేట్టు చూస్తే హెర్నియాకు అంత దూరం పోనక్కర్లేదు. ఇవి డబ్బుతో, కాలంతో అయ్యే పనులు. తేదీని మాటగా నిలబెట్టడానికి అంత డబ్బు అక్కర్లేదు.

కంటి శుక్లాల సంగతి చూడండి. మా ఊళ్లో శుక్లాల ఆపరేషన్ కోసం తిరిగి తిరిగి విసిగిపోయిన మనిషిని ఈమధ్య నేను చూడలేదు. పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి లాంటి సంస్థలు పల్లెల్లో శిబిరం పెడతాయి, అక్కడే పరీక్ష చేస్తాయి, అక్కడి నుంచే బస్సులో తీసుకుపోయి ఆపరేషన్ చేసి మళ్లీ ఊళ్లో దింపుతాయి. ఈ పద్ధతికి దేశంలో దారి వేసినవాళ్లలో మదురై డాక్టర్ వెంకటస్వామిగారు ముఖ్యులు. ఉద్యోగ విరమణ చేశాక, 1976లో పదకొండు పడకలతో అరవింద్ ఆసుపత్రి పెట్టారు. ఒక రోగికి ఆపరేషన్ నడుస్తుండగా పక్క టేబుల్ మీద ఇంకొకరిని సిద్ధం చేసి ఉంచడం, శిక్షణ పొందిన అమ్మాయిలు మిగతా పనులన్నీ చూసుకోవడం, సర్జను సమయం నిమిషం కూడా వృథా పోకపోవడం ఆయన తెచ్చిన మార్పు. శుక్లం చిన్న ఆపరేషన్, పూర్తి మత్తు అక్కర్లేదు, హెర్నియాతో దాన్ని పోల్చలేమని డాక్టర్లు అంటారు, ఒప్పుకుంటాను. నేను పోలుస్తున్నది కోతను కాదు, పిలుపును. అక్కడ రోగి ఎక్కడున్నాడో ఆసుపత్రికి తెలుసు, ఎప్పుడు పోవాలో రోగికి తెలుసు.

కాన్పుల విషయంలో సర్కారు కూడా ఈ పని చేసి చూపించింది. ఒక పిల్ల నెల తప్పిన దగ్గర నుంచి ఆశా కార్యకర్తకు తెలుసు, ఏఎన్‌ఎంకు తెలుసు. ప్రసవం అంచనా తేదీ రిజిస్టరులో ఉంటుంది. ఆ వారం రాగానే ఇంటికొచ్చి, "ఏమ్మా, నొప్పులేమైనా వస్తున్నాయా" అని అడిగిపోతారు. 108 తీసుకుపోతుంది, బిడ్డతో తిరిగి రావడానికి 102 బండి ఉంది. అదే ఆశా, అదే ఏఎన్‌ఎం, అదే గ్రామ సచివాలయం ఉండగా, ఆపరేషన్ తేదీ పడిన మనిషి పేరు వాళ్ల రిజిస్టరులో ఎందుకు ఉండకూడదు? వారం ముందు బీపీ, షుగరు, రక్తం శాతం ఊళ్లోనే చూసి, తేడా ఉంటే అక్కడే మందు వేసి, పేరులో అక్షరం తేడా ఉంటే సచివాలయంలోనే దిద్దించి పంపితే గుంటూరు పోయి తిరిగొచ్చే ప్రయాణాలు చాలా వరకు మిగులుతాయి. ముందు రోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి పథకం తరఫు ఉద్యోగి ఆరోగ్యమిత్ర ఒక్క ఫోన్ చేసి, "రేపు రండి" అనో, "రేపు వద్దు, ఫలానా రోజు రండి" అనో చెబితే ఆ మనిషి బస్సెక్కే ముందే తెలుస్తుంది. వచ్చాక రద్దయితే కారణం, కొత్త తేదీ కాగితం మీద రాసి ఇవ్వాలి. ఒకసారి వెనక్కి పోయినవాడి పేరు తర్వాతి జాబితాలో మొదట ఉండాలి. ఇందులో ఏదీ కొత్త భవనం అడగదు, కొత్త యంత్రం అడగదు.

అధికారులు ఈ ప్రసంగం వింటుంటే నేను అడిగేది ఇంతే. పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. కొత్త జిల్లాకు కొత్త పద్ధతి మొదలుపెట్టే వీలు ఉంటుంది. జిల్లా నుంచి ఆపరేషన్ తేదీ ఉన్న రోగులు ఎందరు, వారిలో వెనక్కి వచ్చినవాళ్లు ఎందరు, ఏ కారణంతో వచ్చారు అని నెలనెలా ఒక లెక్క పెట్టి, ఆసుపత్రి గోడ మీద అంటించండి. లెక్క కళ్ల ముందు ఉంటే సరిచేయడం మొదలవుతుంది.

శ్రోతలారా, మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తేదీ ఉంటే ఆసుపత్రిలో మీ చేతిలో ఉన్న ఫోన్ నంబరే రాయించండి, దూరాన ఉన్నవాళ్లది రాయించొద్దు. ఆ యూనిట్ నంబరో, ఆరోగ్యమిత్ర నంబరో అడిగి చీటీ వెనక రాసుకోండి. కార్డులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇవాళే చూసుకోండి. పోలేకపోతే ముందు రోజు ఫోన్ చేసి చెప్పండి, మీ చోటు ఇంకొకరికి దక్కుతుంది. వెనక్కి పంపితే, గొంతు పెంచకుండా, "కారణం, కొత్త తేదీ రాసివ్వండమ్మా" అని అడగండి. ఇవ్వకపోతే 104కు చెప్పండి, సోమవారం నరసరావుపేట కలెక్టరాఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. ఒక్కరు పెడితే పక్కన పడేయొచ్చు, ఊరికి పది మంది పెడితే చదవక తప్పదు. మా బాబాయి చేత మొదటి అర్జీ నేనే రాయిస్తున్నాను. మీ వీధిలో అలాంటి మనిషి ఉంటే ఆయన పక్కన కూర్చుని మీరూ ఒకటి రాయండి.